ఆకు మడతలో సబ్జా గింజ

ఆ అక్వేరియం మా ఇంటికి వచ్చిన రోజు అందులో మూడు ‘ఫైర్ బెల్లీ న్యూట్లు’, అంటే ఎర్ర పొట్ట, తోక ఉన్న ఉభయచరాలు, ఉన్నాయని చెప్పారు. ఆరు నెలలు గడిచేసరికి తేలిందేమిటంటే, మూడింటిలో ఒకటి అసలు ఆ జాతే కాదు. మిగిలిన రెండూ ఆడవే అనుకుంటే ఒకటి మగది. నేను ఫోటో తీసి బంధువులందరికీ పంపిన గుడ్లు నత్తవి. తెగులు పట్టిన ఆకులని గిల్లి చెత్తబుట్టలో వేసినవేమో అసలైన గుడ్లు.

మేముండేది ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో. నాతో పనిచేసే ఒకాయన ఉద్యోగం మారి సింగపూర్ వెళ్లిపోతూ, అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున ఆ గాజు తొట్టెను మా గుమ్మంలో దించి వెళ్లాడు. నెలకోసారి నీళ్లు మార్చాలి, రెండు రోజులకోసారి వానపాము ముక్కలు వేయాలి. ఆయన చెప్పింది అంతే. కుక్కపిల్ల కావాలని రెండేళ్లుగా పోరుతున్న మా అమ్మాయి వీటితో సర్దుకుంటుందని నేను ఒప్పుకున్నాను. పదకొండేళ్ల పిల్ల దేనితోనూ సర్దుకోదని అప్పటికి నాకు తెలియదు.

న్యూట్‌కు తెలుగులో పేరు లేదు. లేకపోవడం సహజమే. మన దేశంలో తోక ఉన్న ఉభయచరాలు డార్జిలింగ్ లాంటి తూర్పు హిమాలయ ప్రాంతాల్లో, ఈశాన్య కొండల్లో తప్ప మరెక్కడా కనిపించవు. మన వైపు వాళ్లకు కప్ప తెలుసు, బల్లి తెలుసు. ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉండేది ఎదురుపడే అవకాశమే లేదు. డిసెంబరులో తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ మెట్లు దిగి బేస్‌మెంట్‌లోకి రాగానే తొట్టె ముందు ఆగిపోయింది.

“ఏమిట్రా ఇది, బల్లుల్ని పెంచుతున్నావా?”

“బల్లులు కావమ్మా, న్యూట్లు.”

“పేరు మారిస్తే బల్లి కాకుండా పోతుందా?”

బల్లి మీద పడితే తలస్నానం చేసి పంచాంగంలో ఫలితం చూసుకునే ఇంట్లో పుట్టినవాణ్ని. ఏం చెప్పాలో తోచలేదు. ఇంటర్‌లో బైపీసీ చదివిన మా ఆవిడ ఆదుకుంది. వంటి మీద పొలుసులు లేవు, కాళ్లకు గోళ్లు లేవు, ముందుకాలికి నాలుగే వేళ్లు, బల్లికైతే అయిదు ఉంటాయి అని ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని గాజుకు ముక్కు ఆనించి లెక్కపెట్టింది. “నాలుగే,” అని ఒప్పుకుంది. ఎంపీసీ చదివిన నేను కూడా అప్పుడే మొదటిసారి లెక్కపెట్టాను.

అప్పటికి ఒక ప్రమాదం జరిగిపోయింది. మూడింటిలో రెండు చిన్నవి, నల్లవి. మూడోది వాటికి రెండింతలు, గోధుమ రంగుది. పెద్దది పెద్దవాడిలా, చిన్నవి పిల్లల్లా కనిపించి, కుటుంబమని అనుకున్నాం. నవంబరులో ఒక ఉదయం చిన్నవాటిలో ఒకదానికి ముందు కుడి పాదం లేదు. పాదం పోయిన చోట తెల్లటి మొండి మిగిలింది. మా అమ్మాయి బడికి వెళ్లనని ఏడ్చింది. వెళ్లి సైన్స్ టీచర్‌కు చెప్పింది.

ఆ టీచర్ జవాబేమీ చెప్పలేదు. ఒక కాగితం మీద ప్రశ్నలు రాసి పంపారు. పొడవు ఎంత? చర్మం నునుపా, గరుకా? కళ్ల వెనుక ఉబ్బిన గ్రంథులు ఉన్నాయా? వెన్ను మీద గట్టులాంటి గీత ఉందా? తోక చివర మొనదేలిందా, గుండ్రంగా ఉందా, తెడ్డులా ఉందా? పొట్ట మీద మచ్చలు ఎలా ఉన్నాయి? అంతకు ముందు నేను చేసిందల్లా ఫోనులో బొమ్మలు వెతికి ‘ఇదే కదా’ అనుకోవడం. ఎర్ర పొట్ట కనిపిస్తే చాలు, ప్రతి బొమ్మా మా తొట్టెలోదానిలాగే ఉండేది. ఈ ప్రశ్నలకు మాత్రం జంతువును చూడకుండా జవాబు రాయలేం.

పొట్ట చూడడానికి పట్టుకుని తిప్పనక్కర్లేదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ లంచ్ బాక్సులో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి, చేతొడుగు తడిపి తొడుక్కుని, నెమ్మదిగా అందులోకి దించి, కింది నుంచి ఫోటో తీశాం. పక్కనే స్కేలు. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఎర్ర పొట్ట ఊరికే రాలేదు, అది హెచ్చరిక. పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషమే వీటి చర్మంలోనూ ఉంటుంది. తాకితే ఏమీ కాదు గానీ ఆ చేతులు కళ్లకూ నోటికీ పోకూడదు. ఈ మాట అమ్మ చెవిన పడకుండా రెండు వారాలు కాపాడాం. ఆ తరువాత లంచ్ బాక్సు మీద ‘బల్లులది’ అని తెలుగులో రాసి ఉంది.

పెద్దదాని జవాబులు ముందు తేలాయి. పొడవు 16 సెంటీమీటర్లు, చర్మం తడిసిన రబ్బరులా నున్నగా ఉంది, తల వెడల్పు, తోక పక్కలకు అణిగి చివరికి పడవ తెడ్డులా ఉంది. అది పాకీట్రైటాన్ అనే ప్రజాతికి చెందినది. దుకాణాల భాషలో ప్యాడిల్ టెయిల్. ఆగ్నేయ చైనా కొండవాగుల్లో, చల్లగా పారే నీళ్లలో ఉంటుంది. తన హద్దులోకి వచ్చినదాన్ని కరుస్తుంది, తన జాతిదైనా సరే. పొట్ట నారింజ రంగు కాబట్టి దీన్నీ ఫైర్ బెల్లీ అనే పేరుతోనే అమ్మేస్తుంటారు. ఒక చీటీ తప్పు కావడం వల్ల ఒక పాదం పోయింది. ఆ సాయంత్రమే పెద్దదాన్ని వేరే తొట్టెలోకి మార్చి, దానికి నచ్చే నీటి ధార పెట్టాం. ఒంటరిగా ఉన్నప్పటి నుంచి అది చాలా మర్యాదస్తురాలు.

పాదం మాత్రం తిరిగి వచ్చింది. మొదట మొండి మీద చిన్న మొగ్గ, సంక్రాంతి నాటికి గరిటెలాంటి పలక, మార్చి చివరికి నాలుగు వేళ్లు. రంగు కొంచెం లేతగా ఉందంతే. న్యూట్లకు ఇది మామూలు విద్య. జపాన్ న్యూట్ల కంటిలోని కటకాన్ని పదహారేళ్లలో 18 సార్లు తీసేస్తే 18 సార్లూ మళ్లీ పెరిగిందని 2011లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. దాన్ని మా అమ్మాయి చదివి వినిపిస్తే, కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని ఏడాది కాని మా అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చిన్నవి రెండూ చైనావా, జపాన్‌వా? నేను జపాన్ వైపు మొగ్గాను. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ పేరు బాగుందనిపించింది. ప్రశ్నల కాగితం ఒప్పుకోలేదు. జపాన్ న్యూట్, అంటే సైనాప్స్ పైరోగాస్టర్, పెద్దది. 9 నుంచి 13 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చర్మం ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది, కళ్ల వెనుక గ్రంథులు బాగా ఉబ్బి తల పలకగా కనిపిస్తుంది. మావి 7, 8 సెంటీమీటర్లు. చర్మం దాదాపు నునుపు, గ్రంథులు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి, తోక చివర మొద్దుబారి ఉంది. పైన ఒకే నలుపు, కింద నారింజ మీద నల్లటి మరకలు. సైనాప్స్ ఓరియెంటాలిస్, చైనా ఫైర్ బెల్లీ న్యూట్. ఒక్క లక్షణం చూస్తే తప్పు పోవచ్చు గానీ నాలుగూ ఒకే వైపు చూపిస్తుంటే వాదించడానికేమీ మిగలదు.

పొట్ట ఫోటోలు ఇంకొక పనికి వచ్చాయి. ఆ నల్ల మరకల అమరిక ఏ రెండింటికీ ఒకేలా ఉండదు, మన వేలిముద్రల్లాగే. పాదం పోయినదాని గొంతు కింద రెండు చుక్కలు పక్కపక్కన ఉంటాయి. మా అమ్మాయి దానికి ‘విసర్గ’ అని పేరు పెట్టింది. ఆదివారం తెలుగు బడికి పంపినందుకు నాకు దక్కిన మొదటి ఫలితం అది. రెండోదానికి గుండె మధ్య ఒకే గుండ్రటి మచ్చ, అది ‘సున్న’.

శీతాకాలం మొత్తం రెండూ ఆడవే అనుకున్నాం. రెంటి పొట్టలూ నిండుగా ఉండేవి, అంతకు మించి తేడా కనిపించలేదు. కాలం కానప్పుడు వీటిలో ఆడామగా తేల్చడం కష్టమన్నది నిజమే గానీ, నేను ఆ కష్టం కూడా పడలేదు. జనవరిలో బేస్‌మెంట్ 14 డిగ్రీలకు పడిపోయింది. అమ్మ హీటరు పెంచమని ఒకటే గోల. పైన పెంచాం, కింద పెంచలేదు. ఇవి చల్లదనం కోరేవి, 24 డిగ్రీలు దాటితే నీరసిస్తాయి. ఫిబ్రవరి మధ్యలో కాస్త వెచ్చబడి 17కు రాగానే విసర్గ తోక మొదట్లో, కాళ్ల మధ్య, కందిగింజంత ఉబ్బు కనిపించింది. ఆ చోటును అవస్కరం అంటారని మా ఆవిడ చెప్పింది. ఆ ఉబ్బు మగదానికే వస్తుంది. సున్నకు అక్కడ చదునుగానే ఉంది, పైగా తోక విసర్గ తోకకన్నా పొడవు.

ఆ తరువాత వారం రోజులు మాకు టీవీ అక్కర్లేకపోయింది. విసర్గ వెళ్లి సున్న దారికి అడ్డంగా నిలబడేవాడు. తోకను మడిచి ఒంటి పక్కకు తెచ్చి, దాని కొసను గబగబా వణికించేవాడు. నీటిలో తన వాసనను ఆమె ముక్కు వైపు విసరడమన్నమాట. దీని జపాన్ బంధువులో ఆడదాన్ని ఆకర్షించే ఆ పదార్థాన్ని 1995లో గుర్తించారు. దానికి పెట్టిన పేరు సోడెఫ్రిన్. కిమోనో చేతిని ఊపి నచ్చినవారిని పిలిచే సైగకు పాత జపనీస్‌లో ఉన్న మాట నుంచి వచ్చిందట. శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లలో ఇంత సొగసైనది నాకు మరొకటి తెలియదు. సున్న మాత్రం వానపాము ముక్కల వైపే చూసేది.

ఇక గుడ్ల సంగతి. ఫిబ్రవరి చివర్లో గాజు గోడ మీద రూపాయి బిళ్లలో సగమంత జిగురు బొట్టు కనిపించింది. లోపల పదిహేను దాకా చుక్కలు. నేను ఆగలేదు. ఫోటో తీసి తెనాలి, హైదరాబాద్, డల్లాస్, మెల్‌బోర్న్ బంధువులకు పంపాను. అభినందనలు వచ్చాయి. మెల్‌బోర్న్ బావగారు “బాలింతకు పథ్యం ఏమిటి?” అని అడిగారు. పది రోజులు పోయాక ఆ బొట్టులోంచి ఆవగింజంత నత్తలు బయటికి వచ్చి గాజు మీద పాకాయి. మొక్కలతో పాటు వచ్చిన నత్తలవి. ఆ ఫోటో గురించి ఇప్పటికీ మా కుటుంబంలో మాట్లాడుకుంటారు.

నత్త గుడ్లయితే జిగురు బొట్టులో గుంపుగా ఉంటాయి, గాజు మీదా రాళ్ల మీదా అంటుకుని ఉంటాయి. కప్ప గుడ్లు గుత్తిగానో దండగానో ఉంటాయి. ఈ న్యూట్ అలా కాదు. ఒక్కొక్క గుడ్డుకూ ఒక్కొక్క చోటు వెతుకుతుంది. సన్నటి ఆకును వెనుక కాళ్లతో పట్టుకుని, రెండుగా మడిచి, మడతలో ఒకే ఒక గుడ్డు పెట్టి, జిగురు ఆరేదాకా ఆకును నొక్కి ఉంచి అప్పుడు వదులుతుంది. తాంబూలం చుట్టినట్టే. నాకు ఇదంతా ముందే తెలిసి ఉంటే ఎలోడియా మొక్కకు ముడుచుకుపోయిన ఆకులు కనిపించినప్పుడల్లా తెగులనుకుని గిల్లి పారేసేవాణ్ని కాదు. ఎన్ని పారేశానో లెక్క లేదు.

ఆపింది మా అమ్మాయి. మార్చి మొదటి శనివారం నేను కత్తెరతో తొట్టె మీదికి వంగి ఉండగా, “నాన్నా, ఆగు, అది ఆకును కౌగిలించుకుంది,” అంది. నిజమే, సున్న ఒక కొమ్మను కావలించుకుని కదలకుండా ఉంది. అది వెళ్లిపోయాక ఆ ఆకును విప్పి చూశాం. రెండు మిల్లీమీటర్ల గుడ్డు, చుట్టూ స్వచ్ఛమైన జెల్లీ. గుడ్డు పై సగం గోధుమ రంగు, కింది సగం మీగడ రంగు.

అమ్మ ఒక్క క్షణం చూసి, “సబ్జా గింజ నానినట్టుంది,” అంది. అంతకన్నా సరైన వర్ణన నేను ఎక్కడా చదవలేదు.

అసలు మా ఇంట్లో గుడ్లను గుర్తుపట్టడంలో అందరికన్నా ముందుంది అమ్మే. డెబ్భై ఏళ్లుగా చేటలో బియ్యం ఏరిన కళ్లవి. పెద్దవి తమ గుడ్లను తామే తినేస్తాయి కాబట్టి, మడత ఉన్న ఆకులను కత్తిరించి తెల్లటి పెరుగు గిన్నెలోకి మార్చేవాళ్లం. పగలు మేమందరం బయటికి వెళితే ఆ పని అమ్మే చేసేది. నేను నాలుగు ఆకులు తెచ్చిన చోట ఆమె తొమ్మిది తెచ్చేది. అయిదు రోజులు పోయాక, ఫలించని గుడ్లు మసకబారి తెల్లబడతాయి, ఆపైన బూజు పట్టి పక్కవాటికీ అంటిస్తాయి. వాటిని వేరు చేయాలి. అమ్మ వాటిని ‘సగ్గుబియ్యం’ అనేది. రోజూ ఉదయం కాఫీ తాగాక టీ వడపోత గరిటెతో సగ్గుబియ్యం ఏరి పారేసి, సబ్జా ఎన్ని మిగిలాయో క్యాలెండర్ మీద రాసేది. మొత్తం 61 పోగయ్యాయి.

ఫలించిన గుడ్డును గుర్తుపట్టడం మూడో రోజు నుంచే తేలిక. మొదట గుండ్రటి బంతి, మరునాటికి దాని మీద గీతలు పడి మల్బరీ పండులా అవుతుంది. వారానికి బంతి సాగి వంగుతుంది. “జీడిపప్పు,” అంది అమ్మ. పదో రోజుకు జీడిపప్పుకు తోక వచ్చింది, తల దగ్గర రెండు నల్ల చుక్కలు కళ్లయ్యాయి. మెడ పక్కన కుచ్చుల్లా మొప్పలు మొలిచాయి. గిన్నెను కొంచెం కదిపితే లోపల చటుక్కున ముడుచుకునేవి. 1994లో వీటి బంధువులను, జపాన్ న్యూట్లను, కొలంబియా వ్యోమనౌకలో పంపితే అక్కడ కూడా గుడ్లు పెట్టాయి. భూమి లాగకపోయినా బంతి జీడిపప్పు అయింది. మా బేస్‌మెంట్‌లో అవుతుందా లేదా అని నేను మాత్రం రాత్రి రెండింటికి లేచి టార్చిలైటు వేసి చూసేవాణ్ని.

మార్చి 27న మొదటిది బయటపడింది. సెంటీమీటరు కూడా లేని గాజు పుల్ల. చేపపిల్ల అనిపించే మాట నిజమే గానీ, తల కింద రెండు పక్కలా సన్నటి పుల్లల్లాంటివి పొడుచుకుని ఉంటాయి. ముందుకాళ్లు వచ్చేదాకా అవే దాన్ని నిలబెట్టే ఊతకర్రలు. కొద్ది రోజుల్లో అవి రాలిపోతాయి. తోకకప్పకు వెనుక కాళ్లు ముందు కనిపిస్తాయి, వీటికి ముందుకాళ్లే ముందు. ఈ తేడా తనకు ఇంటర్‌లో రెండు మార్కులు తెచ్చిందో పోగొట్టిందో మా ఆవిడకు ఇప్పుడు గుర్తులేదు.

మేత దగ్గర తిప్పలు పడ్డాం. కదలనిదాన్ని అవి ఆహారంగా గుర్తించవు. ఉప్పునీటి రొయ్యల గుడ్లను పొదిగించాలి. అంటే లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు వేసి, వెచ్చగా ఉంచి, గాలి బుడగలు వదిలితే ఒకటిన్నర రోజులోపు నారింజ రంగు నలుసులు ఈదుతుంటాయి. వాటిని వడగట్టి మంచినీటితో కడిగి వేయాలి. ఆవకాయ కోసం అమ్మ తెప్పించుకున్న కల్లుప్పు సగం దీనికే అయిపోయింది. తిన్నవాటి పొట్టలు నారింజ రంగులో కనిపిస్తాయి కాబట్టి ఎవరు తిన్నారో ఎవరు పస్తున్నారో అద్దంలా తెలిసిపోయేది. పెరిగేకొద్దీ ఒకదాని కాళ్లు మరొకటి కొరకడం మొదలుపెట్టాయి. గిన్నెలు ఒకటి నుంచి ఏడయ్యాయి. వంటగదిలో పెరుగు తోడేయడానికి ఏమీ మిగలలేదు.

నలభైకి పైగా పిల్లలున్నాయని తెలిసి, పక్క రాష్ట్రం నుంచి ఒకరు కొన్ని ఇస్తారా అని అడిగారు. ఇచ్చే ముందు చదివితే అప్పుడు తెలిసింది, జాతి పేరు తెలియడం చట్టానికి కూడా అవసరమని. తోక ఉన్న ఉభయచరాల చర్మాన్ని తినేసే బీసాల్ అనే శిలీంధ్రాన్ని నెదర్లాండ్స్‌లో చనిపోయిన సాలమాండర్ల (న్యూట్ల బంధువుల) నుంచి గుర్తించి 2013లో వర్ణించారు. అది అమెరికాకు రాకూడదని 2016 జనవరిలో ఇక్కడి ప్రభుత్వం 20 ప్రజాతుల్లోని 201 జాతుల దిగుమతిని ఆపింది. మా సైనాప్స్ ఆ జాబితాలో ఉంది. రాష్ట్రాల మధ్య రవాణా గురించి కోర్టుల్లో వాదనలు నడిచాయి కూడా. నేను ఆ చిక్కులోకి వెళ్లదలచుకోలేదు. ఊళ్లోని వాళ్లకే ఇచ్చాం. తొట్టె నీళ్లను కూడా బ్లీచింగ్ కలిపి ఉంచాకే పారబోస్తున్నాం. ఒహాయో వాగుల్లో సొంత సాలమాండర్లు చాలా ఉన్నాయి.

అమ్మ మే చివర్లో తెనాలి వెళ్లిపోయింది. అప్పటికి పిల్లలు మూడు సెంటీమీటర్లు, నాలుగు కాళ్లూ వచ్చాయి, ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. జులైలో మొప్పలు కుంచించుకుపోయి ఒక్కొక్కటే పైకి రావడం మొదలైంది. ఆ సమయంలో ఎక్కడానికి గట్టు లేకపోతే మునిగి చస్తాయి. తడి నాచు పరిచిన పెట్టెలో పెట్టాం. కొన్ని పోయాయి, 17 నిలిచాయి. పైన బొగ్గు రంగు, పొట్ట మీద అప్పుడప్పుడే నారింజ మరకలు. ఒక్కొక్కదానికీ పొట్ట ఫోటో తీసి, వరుస సంఖ్య వేసి, వీడియో కాల్‌లో అమ్మకు చూపించాం. పదకొండో నంబరుది గొంతు కింద రెండు చుక్కలు పక్కపక్కన ఉన్నాయని ముందు చూసింది ఆమే.

అంతా చూశాక, “ఒక్క నిమిషం ఉండు,” అని ఫోను పట్టుకుని తమ వరండాలోకి నడిచింది. ట్యూబ్‌లైటు పక్కన గోడ మీద బల్లి ఉంది. అమ్మ కెమెరా దాని దగ్గరికి జరిపింది. అది పారిపోలేదు.

“పొద్దున లెక్కపెట్టాను రా. దీనికి అయిదే ఉన్నాయి.”